ఇంటి కంప్యూటర్‌కి జబ్బు చేస్తే... ముందు విందాం, తర్వాత విప్పుదాం!

2025 జూలైలో ఒక శుక్రవారం. బయట ఎండ మాడ్చేస్తోంది. భోజనాలయ్యాక నేను అలా నడుం వాల్చానో లేదో, పిల్లల గదిలోంచి మా అమ్మాయి కేక.

"నాన్నా, మళ్ళీ ఆగిపోయింది!"

ఆగిపోయింది మా ఇంటి కంప్యూటర్. 2014లో హవల్లీలోని ఇబ్న్ ఖల్దూన్ వీధిలో షాపు షాపూ తిరిగి, ఒక్కో భాగం ఏరుకుని, నా చేతులతో బిగించుకున్న డెస్క్‌టాప్. అప్పుడు మా అమ్మాయికి మూడేళ్ళు. ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఊళ్ళో వాళ్ళతో స్కైప్ మాటలు, 2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసులు, మన ఉగాది కార్యక్రమాలకి పాటల ట్రాకులు, అన్నీ దాని మీదే నడిచాయి.

వారం రోజులుగా దాని వరస బాగాలేదు. ఆన్ చేసిన పావుగంటకి ఠక్కున ఆరిపోతుంది. మళ్ళీ ఆన్ చేస్తే తేదీ, టైము తప్పు చూపిస్తుంది. ఒక్కోసారి తెర మీద ఏమీ రాదు, బీప్ బీప్ మని మొత్తుకుంటుంది. ముందురోజు సాయంత్రం ఒక షాపుకి తీసుకెళ్ళాను. ఆయన మూత కూడా విప్పలేదు. "మదర్‌బోర్డు పోయింది. పాత మోడల్, దొరకదు. 160 దినార్లకి కొత్త కంప్యూటర్ ఇస్తాను, మీ హార్డ్ డిస్క్ తీసి అందులో పెట్టేస్తాను" అన్నాడు.

"ఏమండీ, ఎన్నాళ్ళు దాంతో తంటాలు? కొత్తది తీసేసుకుందాం" అంది మా ఆవిడ. నేనూ సరే అనేవాణ్ణే. అప్పుడు మా అమ్మాయి అడిగింది.

"నాన్నా, తాతయ్య వీడియోలు అందులోనే కదా ఉన్నాయి? ఇంకెక్కడైనా ఉన్నాయా?"

నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్ళుగా కంపెనీలకి "బ్యాకప్ తీశారా?" అని పాఠాలు చెప్పి బతుకుతున్నవాణ్ణి. మా ఇంట్లో మాత్రం ఉన్నది ఆ ఒక్క డిస్కే.

మా నాన్నగారు 2016 డిసెంబరులో విజిట్ వీసా మీద వచ్చి రెండు నెలలు మాతో ఉన్నారు. కువైట్ టవర్స్ చూసి మురిసిపోయారు. సాయంత్రాలు బాల్కనీలో కూర్చుని మనవరాలికి పేదరాశి పెద్దమ్మ కథలు చెబుతుంటే ఆరు వీడియోలు తీశాను. 2021 మేలో ఆయన కన్నుమూశారు. కరోనా రెండో అల. మన దేశం నుంచి కువైట్‌కి విమానాలు ఆగిపోయిన రోజులు. వెళితే తిరిగి వచ్చే దారి లేదు. ఆఖరి చూపుకి నోచుకోలేదు. మన కువైట్‌లో అలాంటి బాధ దిగమింగుకున్నవాళ్ళు నేనొక్కణ్ణే కాదని తెలుసు. అందుకే ఈ వ్యాసం. మీ ఇంట్లోనూ ఒక పాత కంప్యూటర్ ఉండే ఉంటుంది, అందులో మీ తాతయ్యో, నాయనమ్మో ఉండే ఉంటారు.

ముందు కాపీ, తర్వాతే రిపేరు

కంప్యూటర్‌లో ప్రతి భాగానికీ ఒక ధర ఉంటుంది. మదర్‌బోర్డు పోతే ఇంకోటి వస్తుంది. లోపలున్న ఫోటోకి, గొంతుకి ధర లేదు, ఇంకోటి రాదు. కాబట్టి జబ్బు ఏదైనా సరే, మొదటి పని రిపేరు కాదు, కాపీ.

ప్లగ్గు పీకేసి, మూత విప్పి హార్డ్ డిస్క్ బయటికి తీశాను. దాన్ని యూఎస్‌బీ ద్వారా ల్యాప్‌టాప్‌కి కలిపే కేబుల్ ఒకటి ఉంటుంది, మూడు దినార్లు పెట్టి తెచ్చాను. డెస్క్‌టాప్‌లో వాడే పెద్ద డిస్క్‌కి కరెంటు అడాప్టర్ కూడా ఉన్న కేబుల్ కావాలి, కొనేటప్పుడు చూసుకోండి. డిస్క్ మొత్తం ఒకేసారి కాపీ పెట్టలేదు. ఏది పోతే మళ్ళీ రాదో అది ముందు. తాతయ్య ఫోల్డర్, తర్వాత పిల్ల చిన్నప్పటి ఫోటోలు, తర్వాత సర్టిఫికెట్ల స్కాన్లు. సినిమాలూ పాటలూ ఆఖరికి.

నాలుగు వీడియోలు చకచకా వచ్చాయి. అయిదోది సగంలో ఆగిపోయింది. కదలదు. అమ్మాయి నా మొహం చూస్తోంది, నేను తెర చూస్తున్నాను.

అప్పుడు స్మార్ట్ అనే నివేదిక తెరిచి చూశాను. హార్డ్ డిస్క్ తన ఆరోగ్యాన్ని తనే రాసుకునే చిట్టా ఇది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాముతో ఎవరైనా చూడవచ్చు. అందులో రెండు లెక్కలు ముఖ్యం. డిస్క్‌ని ఒక నోటుపుస్తకం అనుకోండి. కాగితం చిరిగితే, ఆ రాత వెనకాల విడిగా ఉంచిన ఖాళీ కాగితం మీదికి మారుతుంది. అలా ఎన్ని మారాయో చెప్పేది మొదటి లెక్క. చిరుగుతున్నాయని అనుమానం ఉండి ఇంకా తేలనివి ఎన్నో చెప్పేది రెండోది. రెండూ సున్నా ఉంటే మంచిది. మా డిస్క్‌లో రెండూ వందల్లో ఉన్నాయి.

అంటే అసలు ప్రాణాపాయం ఉన్నది డిస్క్‌కి! అది మాత్రం ఒక్క బీప్ కూడా కొట్టలేదు, ఏ ఫిర్యాదూ చేయలేదు. ఆ షాపు ఆయన మాట విని ఉంటే, తళతళలాడే కొత్త కంప్యూటర్‌లో చావుబతుకుల్లో ఉన్న ఈ డిస్క్‌నే బిగించుకుని నిశ్చింతగా ఉండేవాళ్ళం.

డిస్క్‌ని ఆపేసి, చల్లబడనిచ్చి, రాత్రి పదకొండింటికి మళ్ళీ కలిపాను. ఆగి ఆగి, నత్తనడకన అయిదో వీడియో వచ్చింది. ఆరోదీ వచ్చింది. 2015లో ఫైలకా ద్వీపానికి పిక్నిక్ వెళ్ళినప్పటి ఫోటోలు 23 రాలేదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా రాలేదు. అవి పోయినట్టే.

ఇక్కడ ఒక హెచ్చరిక. డిస్క్ చదవలేకపోతోందని అనుమానం వస్తే, కాపీ అయ్యేవరకు చెక్‌డిస్క్, డీఫ్రాగ్ లాంటివి నడపకండి. నీరసించినవాడి చేత పరుగు పందెం పెట్టించినట్టు ఉంటుంది. డిస్క్‌లోంచి టిక్... టిక్... అని వరసగా చప్పుడు వస్తుంటే వెంటనే ఆపేయండి. ప్రతి ఆన్‌కీ నష్టం పెరుగుతుంది. అందులోవి అంత ముఖ్యమైతే డేటా రికవరీ తెలిసినవాళ్ళకే ఇవ్వండి.

ఒకసారికి ఒక్కటే

మా నాన్నగారికి కంప్యూటర్ తెలియదు. కానీ కోనసీమలో మా కొబ్బరితోటకి నీళ్ళు తోడే పాత ఆయిల్ ఇంజను మొరాయిస్తే ఆయనే బాగుచేసేవారు. పానా పట్టుకునే ముందు కాసేపు పక్కన కూర్చుని వినేవారు. "ముందు వినరా, తర్వాత విప్పు. తొందరపడి విప్పితే ఉన్న రోగానికి తోడు ఇంకోటి తెచ్చినవాళ్ళమవుతాం" అనేవారు. ఎమ్మెస్‌లో నేను చదువుకున్న పాఠాల సారమూ అదే.

శనివారం పొద్దున్న మా అమ్మాయి చేత ఒక కాగితం మీద రాయించాను. ఏమవుతోంది? ఎప్పుడవుతోంది? ఎంతసేపటికి? అంతకుముందు ఏం మారింది? రాస్తుంటే తనకే తట్టింది. "నాన్నా, పొద్దున్న పూట అరగంట నడుస్తోంది. మధ్యాహ్నం పావుగంటకే పోతోంది!" డబ్బు ఖర్చు లేకుండా దొరికిన మొదటి ఆధారం అది.

రెండో నియమం, ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. నాలుగూ ఒకేసారి మారిస్తే బాగుపడినా దేనివల్లో తెలియదు. పాత కంప్యూటర్లకి, పెద్దవాళ్ళకి లాగే, ఒకేసారి రెండు మూడు జబ్బులుంటాయి. అన్నిటినీ కలిపి "మదర్‌బోర్డు పోయింది" అనేస్తే తప్పు దారి పడతాం.

మతిమరుపు గడియారం

తేదీ, టైము తప్పు చూపించడం చాలా చిన్న జబ్బు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలాంటి ఒక బ్యాటరీ ఉంటుంది. పేరు సీఆర్ 2032. ఆ పేరులోనే కొలత ఉంది. వెడల్పు 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. కంప్యూటర్‌కి కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది ఇదే. కొత్తగా ఉన్నప్పుడు 3 వోల్టుల పైన ఇస్తుంది, కొన్నేళ్ళకి తగ్గిపోతుంది. బకాలాలో దొరికే బిళ్ళ వేయగానే గడియారం సరిపోయింది. టైము తప్పుంటే చాలా వెబ్‌సైట్లు కూడా "భద్రత లేదు" అని తెరుచుకోవు. ఇంటర్నెట్ పాడైందనుకుని ఫోన్లు చేసేవాళ్ళని చాలామందిని చూశాను.

కువైట్ వేడి, కువైట్ దుమ్ము

ఇక ఠక్కున ఆరిపోవడం. మధ్యాహ్నం ఎక్కువ అంటే వేడి మీద అనుమానం. అనుమానం మీద మందు వేయకూడదు, పరీక్ష చేయాలి. ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 మీట నొక్కితే బయోస్ తెర వస్తుంది. అందులో ప్రాసెసర్ ఉష్ణోగ్రత కనిపిస్తుంది. ఏ పనీ చేయకుండానే 88 డిగ్రీలు, ఇంకా పెరుగుతోంది! ఖాళీగా ఉన్నప్పుడు 40, 50 దగ్గర ఉండాల్సింది. పక్క పలక తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టి చూశాం. పావుగంటకి ఆరిపోయేది నలభై నిమిషాలు నడిచింది. అనుమానం నిజమని తేలింది. మోడల్‌ని బట్టి 100 డిగ్రీల చుట్టుపక్కలకి చేరగానే ప్రాసెసర్ కాలిపోకుండా తనను తానే ఆపేసుకుంటుంది. అది ఆగిపోవడం జబ్బు కాదు, జాగ్రత్త.

మనం ఉంటున్నది ఎక్కడో మరచిపోకండి. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఆసియాలో అదే అత్యధికమని ప్రపంచ వాతావరణ సంస్థ 2019లో ధ్రువీకరించింది. ఇక దుమ్ము సంగతి చెప్పాలా! 2022 మేలో తోజ్ ఎంత దట్టంగా కమ్మిందంటే విమానాశ్రయంలో కొంతసేపు విమానాలే ఆపేశారు. కిటికీలు మూసినా పిండిలాంటి ఆ సన్న దుమ్ము లోపలికి వస్తుంది. దానికి మన వంటింటి పోపు ఆవిరి, నూనె జిడ్డు తోడవుతాయి. ఫ్యాన్ వెనకాల రేకుల మధ్య చేరి దుప్పటిలా పరుచుకుంటుంది. మా కంప్యూటర్ లోపల ప్రాసెసర్ మీది రేకులు కనబడనే లేదు, బూడిదరంగు గుడ్డ కప్పినట్టు ఉంది.

శుభ్రం చేసే పద్ధతి ఇదీ. ప్లగ్గు పీకండి. ఇనుప కేసును ఒకసారి ముట్టుకోండి, ఒంట్లో ఉన్న స్థిర విద్యుత్తు పోతుంది. తివాచీ మీద కూర్చుని చేయకండి. డబ్బాలో వచ్చే గాలి స్ప్రేతో బాల్కనీలో దుమ్ము ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, లేకపోతే అది విపరీతంగా తిరిగి పాడవుతుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ వద్దు, అది స్థిర విద్యుత్తు పుట్టిస్తుంది. ప్రాసెసర్‌కి, దాని మీది రేకుల దిమ్మకి మధ్య వేడిని దాటించే పేస్టు ఒకటి ఉంటుంది. మాది పదకొండేళ్ళకి ఎండి సున్నంలా రాలింది. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది కందిగింజంత పెట్టి బిగించాం. ఉష్ణోగ్రత 44కి దిగింది. ఆ సాయంత్రం నాలుగు గంటలు ఆగకుండా నడిచింది.

బీప్ బీప్ అంటే ఏమిటి?

తెర వెలగక ముందు కంప్యూటర్‌కి ఉన్న భాష బీప్ ఒక్కటే. ఎన్ని బీప్‌లకి ఏ అర్థమో ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, మదర్‌బోర్డు పుస్తకంలో చూసుకోవాలి. మాది మెమరీ గురించి అని తేలింది. మాకు రెండు మెమరీ కర్రలున్నాయి. రెండూ తీసి, ఒక్కొక్కటే మొదటి గాడిలో పెట్టి చూశాం. రెండూ పనిచేశాయి. రెండో గాడిలో ఏది పెట్టినా బీప్. అంటే కర్రల తప్పు కాదు, గాడిది. గాడిలో దుమ్ము ఊది, కర్రల బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, పొడి దులిపి పెట్టాం. బీప్ పోయింది.

పోయింది కదా అని వదిలేయలేదు. మెమ్‌టెస్ట్86 అనే ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడిపాను. విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నోస్టిక్ అయినా పరవాలేదు. ఒక్క తప్పు కూడా రాకూడదు. వస్తే ఆ కర్ర మార్చాల్సిందే.

మాకు రాలేదు కానీ, మీకు రావచ్చు

ఆన్ నొక్కితే చలనమే లేకపోతే, లేదా బరువైన పని పెట్టగానే ఆరిపోతుంటే, పవర్ సప్లైని అనుమానించండి. దానికన్నా ముందు గోడ ప్లగ్గు చూడండి. కువైట్‌లో 240 వోల్టులు, మూడు చదరపు పిన్నుల ప్లగ్గు. ఇండియా నుంచి తెచ్చిన గుండ్రటి పిన్నులని చవక అడాప్టర్‌లో దూర్చి వాడితే అది వదులై, వేడెక్కి, లోపల నిప్పురవ్వలు కొడుతుంది.

పవర్ సప్లై, మదర్‌బోర్డు రెంటిలోనూ కెపాసిటర్లని చిన్న డబ్బాలుంటాయి. మదర్‌బోర్డు మీదివి పైమూత ఉబ్బి ఉన్నా, గోధుమరంగు జిడ్డు కారినా వాటి పని అయిపోయినట్టే. పది డిగ్రీల వేడి పెరిగితే వీటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. అందుకే ఇక్కడ కంప్యూటర్‌ని ఎండ పడే గోడ పక్కన, మూసిన అలమరలో పెట్టకండి. పవర్ సప్లై డబ్బాని మాత్రం ఎప్పుడూ విప్పవద్దు. ప్లగ్గు పీకాక కూడా లోపల కరెంటు నిలవ ఉంటుంది. అది మార్చే వస్తువే కానీ విప్పే వస్తువు కాదు.

కువైట్‌లో కరెంటు పోదనే ధీమాతో మనం యూపీఎస్ పెట్టుకోం. 2024 జూన్‌లో ఎండలకి వాడకం పెరిగి, ప్రాంతాల వారీగా కోతలు పెట్టారు గుర్తుందా? డిస్క్ మీద రాస్తుండగా కరెంటు పోవడం మంచిది కాదు. చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకోండి. సెలవుల మీద ఊరెళ్ళేటప్పుడు ప్లగ్గు పీకేసి వెళ్ళండి. తిరిగొచ్చాక ఏసీ వేసి, ఇల్లు చల్లబడ్డాకే ఆన్ చేయండి.

ల్యాప్‌టాప్ అడుగు ఉబ్బినట్టున్నా, మౌస్ ప్యాడ్ పైకి లేచినా బ్యాటరీ ఉబ్బిందేమో చూసుకోండి. అది నిప్పుతో సమానం. చార్జింగ్ ఆపి, గుచ్చకుండా, నొక్కకుండా తెలిసినవాళ్ళకి ఇవ్వండి.

ఉంచాలా, మార్చాలా?

కేబుల్, బ్యాటరీ, పేస్టు, పాత డిస్క్ స్థానంలో ఒక చిన్న ఎస్ఎస్‌డీ. అన్నీ కలిపి పాతిక దినార్ల లోపు. అయితే ఒక నిజం కూడా చెప్పాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2014 నాటి ప్రాసెసర్‌ని విండోస్ 11 ఒప్పుకోదు. కాబట్టి మా పాత కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే లినక్స్ వేశాం. హోంవర్కుకి, పైథాన్ ప్రోగ్రాములు నేర్చుకోవడానికి మా అమ్మాయికి అది చాలు. బ్యాంకు పనులకి నా ల్యాప్‌టాప్ ఉంది. మీ కంప్యూటర్‌లో మదర్‌బోర్డే నిజంగా పోయి ఉంటే మాత్రం సంకోచించకుండా కొత్తది కొనుక్కోండి. కానీ ఏం పోయిందో తెలుసుకుని కొనండి.

పిల్లలూ, ఇది మీ కోసం!

ఈ పట్టీ కత్తిరించి మీ కంప్యూటర్ బల్ల దగ్గర అంటించుకోండి. నాన్నో అమ్మో పక్కన ఉన్నప్పుడే మూత విప్పాలి సుమా!

- తేదీ, టైము తప్పు చూపిస్తోందా? బిళ్ళ బ్యాటరీ.
- కాసేపు నడిచి ఠక్కున ఆరిపోతోందా? వేడి, దుమ్ము, ఆ తర్వాత పవర్ సప్లై.
- బీప్‌లు కొట్టి తెర వెలగడం లేదా? మెమరీ కర్రలు, గాడులు.
- అప్పుడప్పుడూ నీలి తెర వస్తోందా? మెమరీ పరీక్ష, ఆ తర్వాత డిస్క్.
- ఫైళ్ళు తెరవడానికి యుగాలు పడుతోందా? హార్డ్ డిస్క్. వెంటనే కాపీ!
- అసలు చలనమే లేదా? గోడ స్విచ్, ప్లగ్గు, ఆ తర్వాత పవర్ సప్లై.
- కాలిన వాసన వస్తోందా? ప్లగ్గు పీకి పెద్దవాళ్ళని పిలవండి.

ఊళ్ళో ఒక కాపీ

మా వృత్తిలో ఒక సూత్రం ఉంది. ముఖ్యమైనది ఏదైనా మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల వస్తువుల మీద ఉండాలి, ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. మనలాంటి ప్రవాసులకి ఆ మూడో మాట ఎంత తేలిక! ఏటా సూట్‌కేసులు సర్దుకుని వెళుతూనే ఉంటాం కదా. చాక్లెట్లు, పెర్ఫ్యూముల మధ్య ఒక చిన్న డిస్క్ పెట్టుకుంటే చాలు. మాది ఇప్పుడు అమలాపురంలో మా తమ్ముడి బీరువాలో ఉంది. ఇంకోటి ఇక్కడ నా ల్యాప్‌టాప్‌లో, మరోటి క్లౌడ్‌లో.

ఆ శనివారం రాత్రి అన్నీ బిగించాక అయిదో వీడియో పెట్టాం. నాన్నగారు బాల్కనీలో కుర్చీలో కూర్చుని కథ చెబుతున్నారు. ఒడిలో అయిదేళ్ళ మనవరాలు. మధ్యలో వెనకనుంచి నా గొంతు వినిపిస్తుంది, "నాన్నా, కొంచెం ఇటు చూడండి" అని. ఆయన చూడరు. "ఉండరా, కథ మధ్యలో ఉంది" అంటారు.

మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మా అమ్మాయి మాత్రం లేచి, "నాన్నా, పక్క ఫ్లాట్ ఆంటీ వాళ్ళ కంప్యూటర్ కూడా పాతదే. రేపు వెళ్ళి కాపీ తీసి ఇద్దామా?" అంది.

వెళ్ళాం. మీరు కూడా ఈ శుక్రవారం కునుకు తీసే ముందు ఒక్క గంట దానికి కేటాయించండి.